దొరల బాయిల తెల్లకాళ్ళు

రాయికల్ నుంచి మా ఊరికి రెండు బాటలున్నయి. ఒకటి సడాకు, చుట్టు తిరిగి రావాలె. ఇంకోటి పొలాల నడుమకెళ్ళి అడ్డబాట. ఆ అడ్డబాటల్నే దొరల బాయి ఉన్నది. పొద్దుగూకినంక గా దిక్కు పోయెటోళ్ళు మా ఊర్ల లేరు. ఎవలన్న పోయిండ్లంటె, గాళ్ళు మా ఊరోళ్ళు కాదన్నట్టు.

అనంత్ రావు దొరోళ్ళది ఆ బాయి. వాళ్ళు జగిత్యాలల ఇల్లు కట్టుకోని పోయినంక మోటరు పీకిండ్లు, చుట్టూ తుమ్మచెట్లు మొలిచినయి. దాని సంగతి నేను చిన్నప్పటి సంది ఇంటున్న. ఒకలు గజ్జెల సప్పుడంటరు, ఒకలు పొగ అంటరు. మా అత్త అయితె అండ్లకెళ్ళి పప్పు పోపు వాసన వస్తదన్నది. దెయ్యం ఎవలికి వండిపెడ్తదో నేను అడగలే. అడిగితె ఆమెకు కోపం.

కాని మొన్న బతుకమ్మ అయినంక కొత్త ముచ్చట షురువైంది...

కాళ్ళు.

ఆ, కాళ్ళే. తెల్లటియి. బాయిల నీళ్ళ మీద పైకి లేచి నిలబడ్డయి. వాటికి తల లేదు, నడుము లేదు. మామూలుగ దెయ్యాలకు కాళ్ళు ఎనకకు తిరిగి ఉంటయంటరు గద, గీ దెయ్యానికి కాళ్ళు తప్ప ఇంకేం లేదు. పైకెళ్ళి సీటి ఒకటి, ఎవలో ఈల ఊదినట్టు. సన్నగ లేస్తది, లేసి లేసి... మల్ల పడిపోతది.

మొదలు చూసింది ప్రకాశ్. దుబాయిల ఎడారిల రాత్రిపూట లారీ నడిపినోడు, నాకు బయమేందని మీసం తిప్పెటోడు. గాడు ఒక కాలి చెప్పు ఆడనే ఇడిసిపెట్టి ఊర్లకు ఉరికొచ్చిండు. "పాదాలు లేవక్కా... కొసకు నరికి ముడేసినట్టున్నయి," అని జరంల కలవరిచ్చిండు. మెడల తాయెత్తు కట్టించుకున్నంకనే లేచి కూసున్నడు.

నేనా? నా పేరు బాలలక్ష్మి. బీడీలు చుడుత. చేతులకు పని ఉంటది గాని నోటికి ఉండది, అందుకె ఊరి ముచ్చట్లన్ని నా చాట కాడికే వస్తయి. అయితె ఇప్పుడు చెప్పేది నేను కండ్లార చూసింది కాదు. మా వదిన ఊర్మిల చెప్పింది. ఆమె అబద్ధమాడదు. ఆడరాదు పాపం, మొఖం ఎర్రగయితది.

ఊర్మిల అంటె మా అన్న హన్మండ్లు పెండ్లాం. అన్న దుబాయిల ఉంటడు. వదిన ఇంటికాడ మిషిను కుడుతది. వాళ్ళకు ఒక్కతే బిడ్డ, అనూష. గా పిల్ల ఎవ్వలికి చెప్పకుండ పరీక్షలు రాసి, ఉరికి, ఎగిరి... నేవీల సెలెక్టయింది. సోమవారం రైలెక్కాలె.

వదిన ఒద్దన్నది. ఒక్కటే మాట.

"ఇంట్లకెళ్ళి ఒకన్ని సముద్రం అవతలికి తోలిన. రెండేండ్లకొకపారి మొఖం చూపిస్తడు. ఇప్పుడు నిన్ను సముద్రం నడుమకే తోల్తనా?"

"ఉద్యోగమమ్మా అది."

"ఈత రాదు నీకు. కాలువల కాలు పెట్టనియ్యలే నిన్ను నేను. నీళ్ళల్ల పడితె?"

మా అన్న ఫోన్ల బిడ్డతోని సరే అన్నడు, పెండ్లాంతోని గూడ సరే అన్నడు. అంత దూరంల ఉంటె తెలివి బాగనే వస్తది మరి.

శనివారం పొద్దున లొల్లి పెద్దగయింది. అనూష చీపురు పక్కకు పెట్టి, మెల్లగ, "నువ్వు పంపకుంటె నేను ఉండ," అన్నది. గంతే. అని బయటికి పోయింది.

ఆ మాట మీద వదిన దినమంత మిషిను తొక్కలే. ఉండ అంటె ఏంది? ఇంట్ల ఉండ అనా... అసలుకే ఉండ అనా? మాట ఒకటే గద. తల్లి మనసు మంచి దిక్కు పోతదా, ఎప్పుడన్న?

సాయంత్రం రాయికల్‌ల జాకెట్లు ఇచ్చేది ఉండె, పోయింది. ఇచ్చి బయటికి వచ్చేసరికి చీకటి పడ్డది. అనూషకు ఫోన్ చేసింది. ఎత్తలే. మల్ల చేసింది. ఎత్తలే. ఆటో కోసం చూస్తె ఆటో లేదు. ఫోన్ చేసుకుంటనే నడిచింది... ఏ బాట పట్టిందో ఆమెకే సోయి లేదు.

సోయి వచ్చేసరికి చుట్టూ తుమ్మచెట్లు.

దొరల బాయి.

ఎన్నెల సన్నగ ఉన్నదట. కీచురాళ్ళు గూడ బందయినయట. వదిన కొంగు నోట్ల పెట్టుకోని, ఆంజనేయస్వామిని తలుసుకుంట, బాయి దిక్కు చూడకుండ నడుస్తున్నది. చూడొద్దు, చూడొద్దు అనుకుంటనే... చూసింది. ఎవలన్న చూడకుండ ఉంటరా?

చెట్టు కింద స్కూటీ ఉన్నది.

అనూషది.

బాయి మెట్ల కాడ చెప్పులు. పక్కన రాయి మీద చున్నీ, మడిచిపెట్టి. మడత గూడ ఆ పిల్లదే, వదినకు తెల్వదా. చున్నీ మీద ఫోను ఎలుగుతున్నది. చప్పుడు లేదు. 'అమ్మ' అని ఎలుగుతున్నది.

"అనూ..."

అని మెల్లగ పిలిచింది.

గప్పుడు — సీటి.

సన్నగ. లేస్తున్నది... లేస్తున్నది... కిందికి జారింది. ఎక్కడికెళ్ళి వస్తున్నదో తెలుస్తలేదు. వదిన మెల్లగ వంగి బాయిలకు చూసింది.

ఉన్నయి.

తెల్లటి కాళ్ళు. నల్లటి నీళ్ళ నడుమ, రెండు దిక్కులకు చాపి, పైకి లేచి ఉన్నయి. ఉబ్బి ఉన్నయి. పాదాలు లేవు. కదుల్తలేవు... నీళ్ళు కదిలినప్పుడే కదుల్తున్నయి.

ఇప్పుడు చెప్పుండ్రి. ఆడ మీరుంటె ఏం జేస్తరు? నేనైతె ఉరుకుదు. ప్రకాశ్ అసొంటోడే ఉరికిండు.

మా వదిన గూడ ఉరికింది.

బాయిలకు.

ఆమెకు దెయ్యం అన్న ఆలోచననే లేదట. గవి నా బిడ్డ కాళ్ళు... నీళ్ళల్ల పడి ఉబ్బినయి... ఇంకా పానం ఉన్నదేమో... గంతే. మెట్ల మీద పాకురు ఎంతున్నదో చూసుకోలే. రెండు మెట్లు దిగింది, మూడోది కాలు కింద లేదు. ధబ్బున పడ్డది.

ఈత రాదు. పెండ్లికి ముందు చెరువుకు నీళ్ళకు పోతె కూడ ఒడ్డు మీద కూసోని ముంచుకున్న మనిషి. మునిగింది. ముక్కులకు నీళ్ళు, చెవులకు నీళ్ళు. చీర కాళ్ళకు చుట్టుకున్నది. చేతులు ఆడిస్తుంటె...

ఏదో తాకింది. మెత్తగ, సల్లగ.

కాలు.

వదిన దాన్ని రెండు చేతుల్తోని కౌగిలించుకున్నది. నీళ్ళమీదికి తేలి మొఖం పైకెత్తేసరికి, ఆ తెల్లకాలు ఆమె చెంపకు ఆనుకోని ఉన్నది. గప్పుడు గుర్తుకొచ్చింది దెయ్యం.

అయినా ఇడువలే. ఇంకా గట్టిగ పట్టుకోని, కండ్లు మూసుకోని, గుసగుసగ చెప్పిందట —

"నా బిడ్డను ఇడిసిపెట్టు... నన్ను తీస్కపో. నీకు దండం పెడుత, నన్ను తీస్కపో."

గప్పుడు, రెండు కాళ్ళ నడుమకెళ్ళి, చెవు పక్కనే... మెల్లగ ఒక గొంతు.

"అమ్మా... కాలు ఇడువకు. ఇంకో చేత్తోని రెండోది గూడ పట్టుకో."

వదిన కండ్లు తెరిచింది. కాళ్ళ ఎనకకెళ్ళి ఒక తల. తడిసిన జడ. అనూష.

"నువ్వు సచ్చిపోయినవా?" అనడిగింది వదిన.

"లేదమ్మా. ప్రాక్టీసు చేస్తున్న."

గింతల పైకెళ్ళి బ్యాటరీ లైటు పడ్డది. మోటరు గది ఎనకకెళ్ళి ఒక ముసలాయన ఆగమాగం ఉరికొచ్చిండు, మెడల సీటి ఊగుతున్నది. ఎనకాలనే ఆయన మనుమరాలు దీప, అనూష దోస్తు. ముసలాయనకు మాట రావాలె గద అసొంటప్పుడు — రాలే. అలవాటు కొద్ది సీటే ఊదిండు. అనూష తల్లిని గా కాళ్ళ మీదనే మెట్లదాక నెట్టుకోని తెచ్చింది. దీప పైకి గుంజింది.

ఒడ్డు మీద కూసోని వదిన దగ్గింది. నీళ్ళు కక్కింది. బిడ్డ భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "ఉండ అంటవా... ఉండ అంటవా నాతోని," అని.

"ఇంట్ల ఉండ అన్ననమ్మా, హైదరాబాద్ పోత అని. ఇంకేం అనుకున్నవు?"

ముసలాయన తన టవాల తెచ్చి ఆమెకు కప్పిండు. ఆయన పేరు భీమయ్య. కొడిమ్యాలాయన. మీసాలు రాకముందు నేవీల షరీకయి, జహాజుల మీదనే నెత్తి నెరిపిచ్చుకున్నడు. ఇప్పుడు రాయికల్‌ల బిడ్డ ఇంట్ల ఉంటడు. ఈత నేర్పమని అనూష పోయి ఆయన కాళ్ళ మీద పడ్డదట. పగలు నేర్చుకుంటె ఊరంత చూస్తది, తల్లికి తెలుస్తది. దొరల బాయి కాడికైతె ఎవ్వలు రారు.

"కాళ్ళు..." అన్నది వదిన, బాయి దిక్కు చూపిచ్చి.

భీమయ్య గా తెల్లకాళ్ళను నీళ్ళల్లకెళ్ళి తీసి, కొసకున్న ముడి ఇప్పిండు. బుస్సుమని గాలి పోయింది. చూస్తె, లాగు.

"నాదే బిడ్డా. నా నేవీ లాగు. కింద ఎంత వెడల్పున్నదో చూడు. జహాజు కడిగేటప్పుడు తొడలదాక ఎగజెక్కుకునెటోళ్ళం. నీళ్ళల్ల పడితె లాగు ఇప్పి, కొసలు ముడేసి, నెత్తిమీదికెళ్ళి ఇట్ల ఇసిరి గాలి పట్టాలె. పట్టి దాని నడుమ తల పెట్టి పండుకోవాలె. ఎవలన్న వచ్చేదాక ఆ లాగే నీకు పడవ. మా ఉస్తాదు మాకు గట్లనే నేర్పిండు. నీ బిడ్డకు నేను నేర్పిన."

"నేను పిలిస్తె పలుకలే ఇది."

"చెవులు నీళ్ళల్ల ఉంటయి. పొడుగు సీటి కొడితె కదలొద్దని చెప్పిన. సీటి తప్ప ఏం ఇనపడది."

ముసలాయనకు చెప్పెటోళ్ళు దొరకక ఎన్ని ఏండ్లాయెనో. తడిబట్టల్తోని ముగ్గురు ఆడోళ్ళను కూసోబెట్టి జహాజు ముచ్చట్లు షురూ చేసిండు. లేవాలంటె సీటి, తినాలంటె సీటి, పండాలంటె సీటి. పండుకునేది పైకెళ్ళి ఏలాడే గుడ్డ తొట్టెల్ల, పక్కోని కాలు మన మొఖం మీద. మంచినీళ్ళు తాగనీకె ఉంటె ఉతకనీకె ఉండయి. ఉప్పునీళ్ళల్ల సబ్బు నురుగు రాదు, అయినా తెల్లబట్ట మీద మచ్చ ఉండొద్దు. లాగుకు ఇస్త్రీ నిలువు గాదు, అడ్డం... మడత మీద మడత ఏసి పరుపు కింద పెట్టి పండితె తెల్లారేసరికి తయార్.

"అడ్డం ఇస్త్రీనా?" అని నవ్విందట వదిన, గా పరేషాన్‌ల గూడ.

"మా అవ్వ గట్లనే నవ్వింది, మొదటిపారి సెలవుల ఇంటికి వస్తె. ఊరోళ్ళు లంగ తొడుక్కున్నడన్నరు నన్ను."

"మరి ఈడ దెయ్యమున్నదంటరు గద బాపు?"

"గిన్ని దినాల సంది వస్తున్న, నాకైతె కనిపియ్యలే. ఒకడెవడో చెప్పు ఇడిసిపెట్టి ఉరికిండు. మోటరు గదిల దాచిపెట్టిన, ఇద్దామంటె మల్ల ఇటు వస్తలేడు."

అందరు నవ్విండ్లు. పంపుతవా అన్న అసలు మాట అడిగే ధైర్యం అనూషకు లేదు. పిల్ల తలొంచుకోని జడ పిండుకుంటున్నది. రేపు ఒక్కరోజే ఉన్నది నడుమల.

వదిన గా లాగును ఒళ్ళె ఏసుకున్నది. బ్యాటరీ లైటుల తిప్పి చూసింది. పక్క కుట్టు చూసింది, కొస మడత చూసింది, బొటనవేలుతోని గుడ్డ మందం చూసింది. చానసేపు చూసింది.

"బాపు, ఈ లాగు సర్కారోళ్ళే ఇస్తరా, మనం కుట్టిచ్చుకోవాల్నా?"

అనూష తల ఎత్తింది.

"సర్కారే ఇస్తది బిడ్డా," అన్నడు భీమయ్య. "గాని ఇప్పుడు గింత వెడల్పు కుడుతలేరంట. సన్నగ చేసిండ్లంట."

"సన్నగయితె అండ్ల గాలేం నిండుతది?" అన్నది వదిన. లేచి, తడికొంగు బొడ్ల దోపుకోని, బిడ్డ నడుముకు రెండు చేతులు చుట్టి కొలత పట్టింది. "నడు ఇంటికి. తెల్లారేసరికి రెండు కుట్టాలె నేను."