పైసా కూడా పడదు

"పైసా కూడా పడదన్నారు గదా సార్? మరి ఇదేంది?"

పాస్‌బుక్ వచ్చి కౌంటర్ మీద పడింది. ఉదయ్ కుమార్ ముందు చూసింది పాస్‌బుక్‌ని కాదు. దాన్ని విసిరిన చేతి ఎర్ర గాజుల్ని చూశాడు. తరువాత వాన నీళ్ళు కారుతున్న జడని, చివరికి మండిపోతున్న కళ్ళని చూశాడు. నీలావతి! కిందటిసారి ఆమె వచ్చి వెళ్ళినప్పటి నుంచి, మళ్ళీ ఎప్పుడొస్తుందా అని ధర్మవరం బ్రాంచి గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు. వచ్చింది. ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు.

"కూర్చోండి మేడం. ఏమైంది?"

"కూర్చోను. ముందు చూడండి."

చూశాడు. పట్టుచీరల అంచులు కంప్యూటర్లో గీసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఆమె ఇంటర్‌నెట్‌లో కొన్నది. దాని ధర పదకొండు వేలు. ఆ కిందే విదేశీ లావాదేవీ చార్జీ అంటూ ఇంకో నాలుగు వందల దాకా కోసేసి ఉంది.

"ధర రూపాయల్లోనే ఉండె గదా..." అని నసుగుతూ అతను రూల్స్ పుస్తకం తీశాడు. అందులో స్పష్టంగానే ఉంది. ధర రూపాయల్లో చూపించినా సరే, అమ్మే కంపెనీ బ్యాంకు బయటి దేశంలో ఉంటే నూటికి మూడున్నర పడుతుంది.

పాపం నీలావతి కొనకముందే వచ్చి అడిగింది. "సార్, కంపెనీ ఫారిన్‌ది. ధర మాత్రం రూపాయల్లో చూపిస్తాంది. పైన ఏమన్నా పడతాదా?" అని విడమరిచి అడిగింది. ఈ రూల్స్ పుస్తకం ఆ రోజే తీసి ఉండాల్సింది. మన హీరో ఆమె జుంకాలు చూస్తూ "పైసా కూడా పడదు" అన్నాడు. బీకాం ఫస్ట్ క్లాసు, పోటీ పరీక్షలో మంచి ర్యాంకు. అన్నీ దాటి వచ్చి జుంకాల దగ్గర బోల్తా పడ్డాడు.

"నాలుగు వందలకు ఇంత కోపమా మేడం?" అన్నాడు, వాతావరణం తేలిక చేద్దామని. అనకుండా ఉండాల్సింది.

"నాలుగు వందలకు కాదు సార్! మా నాయన తను నేసే చీరకు ధర చెప్పినాడంటే, ఆనక జరీ రేటు పెరిగినా రూపాయి ఎక్కువ అడగడు. నష్టమొస్తే తనే పడతాడు. అట్లాంటి మనిషికి నేను పదకొండు వేలే అని మాటిచ్చినా. ఇప్పుడేమంటాండాడో తెల్సా? ధరే సరిగ్గా చెప్పలేనిదానివి, చీర అంచు నీకెట్ల అప్పజెప్పేది అంటాండాడు. కొత్త పడుగుకు డిజైన్ బయటోళ్ళ దగ్గర తీసుకుంటాడంట!"

చివరి మాటకు ఆమె గొంతు వణికింది. పాస్‌బుక్ లాక్కుని వానలోకి వెళ్ళిపోయింది. 

మరుసటి రోజు అతనొక తెలివైన పని చేశాడు. తెలివైనదని అతననుకున్నాడు. చార్జీ మొత్తాన్ని తన జేబులోంచి తీసి ఆమె ఖాతాలో వేశాడు. వారం తిరక్కుండా ఎర్ర గాజులు మళ్ళీ కౌంటర్ దగ్గర గలగలలాడాయి.

"ఎవురేసినారు ఈ దుడ్లు?"

"అదీ... బ్యాంకు..."

"బ్యాంకు ఎప్పుడన్నా తీసుకున్న దుడ్లు వెనక్కిస్తాదా సార్? మీరే వేసినారు!"

ఉదయ్ తల వంచుకున్నాడు.  ఎందుకో ఈసారి నీలావతి గొంతు కొంచెం మెత్తబడింది.

"నాకు పోయింది దుడ్లు కాదు సార్. మా నాయన దగ్గర నా మాట పోయింది. తప్పు మీదని మీరే వచ్చి చెప్పల్ల."

"మీ నాయన కోపిష్టి అంటారు గదా?"

"అరిస్తే మూడు వీధులకు ఇనపడతాది. అందుకే ఆదివారం రండి. ఆ పొద్దు మా ఇంట్లో పడుగు అతుకుతాండారు. మగ్గం మీది పాత పడుగు చివర్లకు కొత్త నిలువు పోగులు ఒక్కొక్కటే కలపల్ల. అరిస్తే చేతులదిరి పోగులు తెగుతాయని మా అవ్వ రూలు పెట్టింది. పని అయ్యేదాకా ఎవురూ గొంతు పెంచకూడదు. మా నాయన కూడా."

రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇంకోటి సార్. ఆ పొద్దు మీరు జుంకాలు చూస్తాండారని నాకు తెలీదనుకున్నారా?"

ఆమె నవ్వింది. ఉదయ్ ఆ మధ్యాహ్నం ఒకరి చెక్కు మీద వేయాల్సిన స్టాంపు తన చేతి మీద వేసుకున్నాడు.

ఆదివారం పొద్దున సొంతూరు హిందూపురంలో ధర్మవరం ప్యాసింజర్ ఎక్కాడు. చెప్పాల్సిన మాటలు దారంతా వల్లె వేసుకున్నాడు. పెనుకొండలో రైలు ఆగింది. కొండ మీద వాన కురుస్తోంది. దిగి వెనక్కి ఇంటికి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. వణికిన ఆ గొంతు గుర్తొచ్చి మళ్ళీ సీటులో కూర్చున్నాడు.

నీలావతి ఇంట్లో మగ్గం ముందు ఆమె తండ్రి నారాయణప్ప, అవ్వ రామసుబ్బమ్మ కూర్చుని పోగులు అతుకుతున్నారు. నీలావతి పక్కనే ఉంది.

"నమస్కారమండీ! నేను బ్యాంకు నుంచి..."

"ష్!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

అవ్వ అతన్ని ఎగాదిగా చూసి, ఒక పోగుల గుత్తి చేతిలో పెట్టింది. "ఊరికే నిలబడుకోవద్దబ్బా. ఇది పట్టుకో. లాగొద్దు," అంది గుసగుసగా.

ఉదయ్ గుత్తి పట్టుకుని, గుసగుసగానే జరిగిందంతా చెప్పాడు. చార్జీ గురించి నీలావతి సరిగ్గానే అడిగిందన్నాడు. తప్పు చెప్పింది తనేనన్నాడు.

"పుస్తకం చూడకుండా చెప్పినావా అప్పా?" నారాయణప్ప చేతులు ఆపకుండా అడిగాడు.

"చూళ్ళేదు."

"మరి యాడ చూస్తాంటివి?"

రైల్లో వల్లె వేసిన మాటల్లో దీనికి జవాబు లేదు. నిజం ఒక్కటే మిగిలింది.

"మీ అమ్మాయిని చూస్తాంటి."

నీలావతి చేతిలో పోగు జారింది. నారాయణప్ప చేతులు ఆగిపోయాయి. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి, నోరు తెరుచుకుంది. అవ్వ వేలు పైకెత్తింది. నోరు మూసుకుంది.

"ఏమంటివి?" అన్నాడు ఆ పెద్దమనిషి, పిల్లి అడుగంత మెల్లగా. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

"నన్నేమన్నా అనండి. డిజైన్ మాత్రం ఆమెకే ఇయ్యండి. ఇంకోటి... మీ అమ్మాయంటే నాకు చానా ఇష్టం. మీరు ఒప్పుకుంటే మా వాళ్ళను పిల్చుకోనొస్తా."

నారాయణప్ప మళ్ళీ పనిలోకి వంగాడు. పోగులు ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. ఉదయ్ చేతులు తిమ్మిరెక్కాయి. నీలావతి తలెత్తలేదు కానీ, ఆమె చెంపలు ఎర్రబడటం అతనికి కనిపిస్తూనే ఉంది. పడుగు అయిపోతే అరుపులు మొదలవుతాయి. ఈ పోగులు ఎప్పటికీ అయిపోకూడదని అతను మనసులో దేవుణ్ణి వేడుకున్నాడు.

చివరి పోగు అతుక్కుంది. నారాయణప్ప లేచాడు. తువ్వాలు దులిపాడు. గొంతు సవరించుకున్నాడు. ఉదయ్ కళ్ళు మూసుకున్నాడు.

"నీలా!" వీధి దద్దరిల్లింది. "ఆ కంప్యూటర్లో గీసిన అంచు యాడుండాదే? తీసుకోని రా! ఈ పడుగుకు అదే నేద్దాం!"

 నీలావతి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది. నారాయణప్ప ఉదయ్ వైపు తిరిగాడు.

"ఏమప్పా, పెండ్లి మాట ఎత్తినావు. ఇంకేమన్నా చార్జీలుంటే ఇప్పుడే చెప్పు. ఆనక పడితే నేనొప్పను."

నవ్వులాటకే అన్నాడు. ఉదయ్ మాత్రం నవ్వలేదు. ఈసారి బాగా ఆలోచించాడు.

"ఒకటి ఉండాది. నాకు మూడేండ్లకోసారి ట్రాన్స్‌ఫర్. యాడికి వేస్తారో తెలీదు. ఆమెను ఈ మగ్గానికి దూరంగా తీసుకోని పోవాల్సి వస్తాది."

నారాయణప్ప నవ్వు ఆగిపోయింది. అతికిన పడుగు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయాడు. అప్పటికి నీలావతి డిజైన్ కాగితంతో గుమ్మం దగ్గరికి వచ్చింది. అంతా వింది.

"నాదీ ఒకటుండాది," అంది. "ఎంత దూరంలో ఉన్నా, ఈ ఇంట్లో పడుగు అతికే పొద్దుకు నేను ఈడుండల్ల."

"నువ్వొక్కదానివే కాదు, ఆ పిల్లోడూ రావల్ల," అంది అవ్వ. "పోగులు బాగా పట్టినాడు."

నారాయణప్ప కూతుర్ని చూశాడు, ఆమె చేతిలోని కాగితాన్ని చూశాడు. తరువాత ఉదయ్‌ని చూసి మెల్లగా తల ఊపాడు.

"ఒప్పుకున్నా," అన్నాడు ఉదయ్. పొద్దుటి నుంచి అలవాటై, అది కూడా గుసగుసగానే వచ్చింది.

"పడుగు అయిపోయింది సార్," అంది నీలావతి నవ్వుతూ. "గట్టిగా చెప్పొచ్చు."

అతను గట్టిగానే చెప్పాడు. ఎదురింట్లో నడుస్తున్న మగ్గం ఆగింది.