నర్సమ్మ కొడుకు

"ఈ 'నర్సమ్మ కొడుకు' ఎవడో రేపటిలోగా తేలాలి," అన్నాడు చీఫ్ శ్రీనివాసరావు.

లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్త వెంచర్ సైట్ ఆఫీసు అది. బయట ప్లాట్ల బోర్డు, లోపల ఇంటెలిజెన్స్ డెస్క్. గజం ఎంతని అడగడానికి వచ్చేవాళ్లను సాగనంపడానికే సగం రోజు పోతోందని చీఫ్ విసుక్కుంటాడు. ఈరోజు తలుపుకు గడియ పెట్టించాడు.

ఏజెంట్ అన్వేష్ చూపు ఫైలు మీదికి దించుకున్నాడు. నర్సమ్మ అతని తల్లి. గాజులరామారంలో నిక్షేపంగా ఉంది.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. గల్ఫ్ నుంచి వస్తున్న ఒక రాయబారిని మన గడ్డ మీదే చంపాలని 'మిరాజ్' అనే విదేశీ ముఠా ప్లాన్ వేసింది. ఆ పని జరిగితే రెండు దేశాల ఒప్పందం గంగపాలవుతుంది. రాయబారి రేపు శామీర్‌పేట దగ్గరి యూనివర్సిటీకి, అరబిక్ బిగినర్స్ కోర్సు వాళ్ల కల్చరల్ డేకి వస్తున్నాడు. ముఠా మనిషి ఆ క్లాసులోనే ఉన్నట్టు పక్కా సమాచారం.

అందుకే అన్వేష్ ఈ వయసులో స్టూడెంట్ వేషం కట్టి అలిఫ్, బా, తా దిద్దుతున్నాడు. తోడుగా డెస్క్ అనువాదకురాలు మనోరమ కూడా చేరింది. అరబిక్ అనర్గళంగా వచ్చినా రానట్టు నటిస్తూ, కూలింగ్ గ్లాసెస్ తలమీదికి తోసుకుని, క్లాసులో సగం మందికి చదువు ఎక్కకుండా చేస్తోంది.

అనుమానం టీచర్ ఫర్హత్ మేడం మీద పడింది. టీచర్స్ డేకి అన్వేష్ ఆమెకు ఇచ్చిన టేబుల్ గడియారంలో మైక్ ఉంది. రోజూ సాయంత్రం ఆ మైక్‌లో ఒక మాట వినబడుతోంది, అరబిక్‌లో. నర్సమ్మ కొడుకును కాపాడమని దేవుడికి మొర.

"దువా చేస్తున్నట్టు నటిస్తూ పై వాళ్లకు సిగ్నల్ ఇస్తోంది సర్," అంది మనోరమ. "ఆ కొడుకే వాళ్ల కిల్లర్."

చీఫ్ తలూపాడు.

చేరిన కొత్తలో మేడం అన్వేష్‌ని ఇంటి సంగతులు అడిగింది. ఎక్కువ ప్రశ్నలు రాకూడదని అన్వేష్ తల్లి చనిపోయిందని చెప్పేశాడు. పేరు అడిగితే నోటికి అసలు పేరే వచ్చింది. కవర్ స్టోరీలో ఇంట్లోవాళ్ల పేరు వాడితే సస్పెన్షన్, అది డెస్క్ రూలు. ఆనాటి నుంచి తల్లి లేని పిల్లవాడని మేడం అతనికి ఇంటి నుంచి బగారన్నం డబ్బా కట్టి తెస్తోంది. అతను సిగ్గు లేకుండా తింటూ, ఆమె నమాజు చేసుకునే గదిని దొంగచాటుగా వింటున్నాడు. ఇప్పుడు ఆ దువానే ఆమెకు ఉచ్చవుతోంది. ఒక్క మాట చెబితే ఆమె బయటపడుతుంది. ఉద్యోగం మీద భయంతో అతను ఆ మాట మింగేశాడు. తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు సెమినార్ హాలు కళకళలాడింది. కాఫీ కాచింది మేడమే. పోసే పని మనోరమ కోరి తీసుకుంది. అన్వేష్ చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. కాఫీలో విషం కలిపి ఉంటుందని అనుమానం ఉందని, రాయబారి కప్పు అందుకోగానే టీచర్‌ని పట్టుకుంటామని, క్యాటరింగ్ వాళ్ల వేషంలో మనవాళ్లు రెడీగా ఉన్నారని చీఫ్ చెప్పాడు.

మనోరమ ఎడమ చేత్తో ఇత్తడి కూజా వంచి, కుడి చేత్తో చిన్న కప్పు రాయబారి ముందుకు చాచింది. ఆయన తీసుకోలేదు. చిరునవ్వుతో ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"ముందు పోసినోళ్లే తాగాలె బేటీ," అంది మేడం మెల్లగా. "మెహమాన్‌కు భరోసా ఇచ్చే రివాజు. క్లాసుల చెప్పిన గదా."

ఆ క్లాసుకు మనోరమ డుమ్మా కొట్టింది. వచ్చిన భాషే కదా, బిగినర్స్ పాఠాలు తనకెందుకనుకుంది. ఆమె ముఖం పాలిపోయింది. ఎసిడిటీ, కాఫీ పడదు అని గొణిగింది.

శిష్యురాలి పరువు పోకూడదని మేడం ఆ కప్పు తన చేతిలోకి తీసుకుంది.

"పర్వా లేదు, నేను తాగుత," అంటూ పెదవుల దగ్గరికి ఎత్తింది.

విషం కలిపిన మనిషి అలా తాగదు. తాగనిది ఎవరో హాలంతా చూసింది. అన్వేష్ కుర్చీల మీద నుంచి దూకి మేడం చేతి మీద కొట్టాడు. కప్పు నేల మీద ముక్కలైంది.

"ఏం చేస్తున్నావ్?" ఇయర్‌పీస్‌లో చీఫ్ అరిచాడు.

"ఆ నర్సమ్మ కొడుకును నేనే సర్. మేడం మా అమ్మ పేరు చెప్పి నాకోసం దువా చేసింది. మనోరమను పట్టుకోండి."

వెనక తలుపు దాకా వెళ్లిన మనోరమను క్యాటరింగ్ వాళ్లు అడ్డుకున్నారు. ఆమె ఉంగరం రాయి కింద చిన్న గుంట, అందులో ఇంకా కొంచెం పొడి. మిరాజ్ డబుల్ ఏజెంట్ ఆమే.

రాయబారిని పంపించాక అన్వేష్ మేడం ఎదుట నిలబడ్డాడు. గడియారం సంగతి, తను నోరు మూసుకున్న సంగతి, అన్నీ చెప్పాడు. తల్లి బతికే ఉందని కూడా.

"అమ్మ ఉన్నదా?" అంది మేడం.

"ఉన్నది మేడం. మంచిగున్నది."

"అల్‌హందులిల్లా, దేవుని దయ." మొదట ఆమె నోట వచ్చింది అదే. చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు. అన్వేష్ తల ఎత్తలేకపోయాడు. సస్పెన్షన్ ఖాయమని తెలుసు, అదేమంత పెద్ద శిక్షగా అనిపించలేదు.

మేడం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గా గడియారం వాపస్ తీస్కపో," అంది. "దువా మాత్రం ఆపను. ఇప్పటి సంది నర్సమ్మ కొడుకు కోసం గాదు, నర్సమ్మ కోసం చేస్త. ఆమెకే ఎక్కువ అవసరం పడేటట్టున్నది."