మలంచాలో మరిచిపోయిన సైన్ ఔట్

సోమవారం ఉదయం ఆరింటికి నిమ్‌పురా రైల్వే యార్డులో కిరణ్‌కుమార్‌ని చంపేశారు. అతన్ని కలవడానికి ఏజెంట్ జెఫ్రీ అక్కడికి చేరేసరికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

మరునాడు సాయంత్రం నాలుగుంబావుకి మలంచా రోడ్డు ట్రాఫిక్‌లో జెఫ్రీ ఎక్కిన ఆటో ఇరుక్కుపోయింది. పెట్టుడు మీసం కింద చెమట. ఫోన్‌లో చీఫ్ హైమవతి.

"ఆ మీటింగ్ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకే మేడమ్. క్యాలెండర్‌లో కోడ్‌తో రాసినాను."

"నీ ఫోన్ ఎవరు చూశారు?"

"ఎవరూ సూడనేదు."

"అయితే అతన్ని నువ్వే చంపావు."

జెఫ్రీ టైమ్ చూసుకున్నాడు. ఆయుధాల రైళ్ల టైమింగులు సేకరిస్తున్న విదేశీ ముఠా మనిషిని కళ్లారా చూసినవాళ్లు యార్డులో ఇద్దరే. కిరణ్ పోయాడు. మిగిలింది పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ నూకరాజు. అతనెవరో ముఠాకి ఇంకా తెలియదు. అదే క్యాలెండర్‌లో రాసినట్టు నాలుగున్నరకి యార్డులోని ఇసుక షెడ్డు దగ్గర జెఫ్రీ కోసం నిలబడితే తెలిసిపోతుంది. డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ లాకర్లో ఉంది. మన కమాండోలేమో హిజ్లీ స్టేషన్‌లో, అరగంట దూరంలో ఉన్నారు.

ఫోన్ కిర్రుమంది. గ్యాలరీలోకి కొత్త ఫొటో వచ్చింది. ఇసుక షెడ్డు, దాని చుట్టూ ఎర్ర సున్నా.

ఈ ఫొటో తను తీయలేదు. అకౌంట్ తెరిచాడు. అందులో రెండు పరికరాలు కనిపించాయి. ఒకటి ఈ ఫోన్. రెండోది కంప్యూటర్, మలంచా.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల నాన్న ఏడాది జ్ఞాపకార్థ కూటానికి కార్డులు వేయించాడు. డీటీపీ షాపు ఏంజలిన్‌ది. పైకి షాపు, లోపల జెఫ్రీ డిపార్ట్‌మెంట్ మనిషే, ఎర్ర లిప్‌స్టిక్, చర్చి క్వయర్‌లో మొదటి గొంతు. ఫొటో కోసం తన అకౌంట్‌తో ఆమె కంప్యూటర్‌లో సైన్ ఇన్ అయ్యాడు. తెర మీద నాన్న ముఖం నిండుగా కనబడగానే ఏడుపు ఆగలేదు. కార్డులు పట్టుకుని వచ్చేశాడు. సైన్ ఔట్ చేయలేదు.

పైగా తన గొప్ప కోడ్! 'క్వయర్ ప్రాక్టీస్, 23వ కీర్తన, నిమ్‌పురా.' విదేశీయుడెవడైనా బోల్తా పడేవాడే. కానీ యార్డులో ప్రాక్టీస్ ఉండదని క్వయర్‌లో పాడే మనిషికి ఒకరు చెప్పాలా? తనలాంటి వెధవ ఇంకొకడుండడని జెఫ్రీ తిట్టుకున్నాడు.

ఆమె షాపు రోడ్డుకి అవతలే. అద్దం వెనక ఏంజలిన్ కంప్యూటర్ ముందు కూర్చునుంది, చెవి దగ్గర ఫోన్.

టైమ్ 4:24. సైన్ ఔట్ నొక్కబోయి జెఫ్రీ ఆగాడు. హిజ్లీలో కమాండోలని సిద్ధంగా ఉంచమని లైన్‌లో ఉన్న హైమవతికి చెప్పి, క్యాలెండర్ తెరిచి మార్చాడు: 'ప్రాక్టీస్, హిజ్లీ స్టేషన్, 5:00.'

సింక్ అవుతోంది. సిగ్నల్ ఒక్క గీత. సున్నా తిరుగుతూనే ఉంది.

"దాదా, ఆటో కొంచెం ముందుకి!"

"ఎక్కడికి దాదా? ముందు బస్సుంది కదా!"

జెఫ్రీ చెయ్యి బయటికి చాచి ఫోన్ పైకెత్తాడు. 4:27. 4:28. నూకరాజు ఈపాటికి క్యాబిన్ దిగి ఉంటాడు. ఇక అయిపోయిందనుకున్నాడు.

4:29కి అద్దం వెనక ఏంజలిన్ తెర వైపు వంగింది. ఫోన్‌లో గబగబా ఏదో అరిచింది.

జెఫ్రీ ఆటో దిగి వెళ్లి షాపు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కార్డులు బాగొచ్చినాయా జెఫ్రీ?" అంది ఏంజలిన్ నవ్వుతూ, తడబడకుండా.

"బాగొచ్చినాయి. కిరణ్‌కి కూడా వెయ్యాల."

ఆమె నవ్వు ఆగిపోయింది.

5:02కి హైమవతి ఫోన్ చేసింది. "హిజ్లీలో ముగ్గురూ దొరికారు." మెచ్చుకోలేదు. జెఫ్రీ ఆశించనూ లేదు.

ఆరింటికి నూకరాజు లాకర్ తెరిచి ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, గంటసేపు నిలబెట్టేసినావు? టీ కూడా తాగనేదు."

జెఫ్రీ టీ పట్టుకుని యార్డుకి బయలుదేరాడు.

తరువాతి సోమవారం ఉదయం ఆరింటికి అతని ఫోన్ మోగింది. 'క్వయర్ ప్రాక్టీస్, 23వ కీర్తన, నిమ్‌పురా.' ప్రతి వారం గుర్తు చేయమని తనే పెట్టుకున్నాడు. అదే నిమిషానికి కోల్‌కతాలో, ఎవిడెన్స్ రూములోని ఏంజలిన్ కంప్యూటర్ కూడా మోగిందని హైమవతి రిపోర్టులో రాసింది. సింక్‌లో లోపమేమీ లేదట.