గర్భసంచి సూది

లస్మవ్వ చెప్పిందట, ఆమెకు పాలకేంద్రం కాడ ఇంకెవరో చెప్పిండ్రట: ఊర్లెకు కొత్తగొచ్చిన నర్సమ్మ ఆడపోరిలకు పిల్లలు పుట్టకుండ సూది ఏస్తదట. పక్కూర్ల ఒక పోరి సూది ఏసుకున్న తెల్లారే సొమ్మసిల్లి పడ్డదట. ఆ పక్కూరు ఏది, ఆ పోరి ఎవలు అని అడిగినోళ్లు లేరు. 'అట' అన్న మాటకు మా దిక్కు సాక్ష్యం అక్కర్లేదు.

ఈ ముచ్చట చెవిన పడేసరికి సిద్ధు తాగుతున్న చాయ్ కింద పెట్టిండు. ఎందుకంటే ఆ పుకారుకు విత్తనం ఏసింది వాడే.

సిద్ధు మా ఊరోడే, చొప్పదండిల మైక్‌సెట్ దుకాణం నడుపుతడు. పెండ్లికి డీజే, సావుకు భజన, ఎలక్షన్లస్తే అన్ని పార్టీలకు ఒక్కటే గొంతు. ఆ గొంతును వెతుక్కుంటనే వానకాలం మొదట్ల రేవతి వాని దుకాణం మెట్లెక్కింది. గోదావరిఖని పిల్ల. తండ్రి బొగ్గుబాయిల పనిచేసి రిటైరైండు. మా ఊరి పల్లె దవాఖానల కొత్త నర్సు. తడిసిన జడ పిండుకుంటనే కొట్లాట పెట్టుకున్నది. వాని స్పీకర్ మోతకు రోడ్డు మీద పసిపిల్ల జడుసుకొని ఏడుస్తుందట, సౌండ్ తగ్గించమన్నది.

"తగ్గిస్తే గిరాకీ ఎట్లొస్తది మేడం?"

"పెంచితే నా అసొంటోళ్లొస్తరు, కొట్లాటకు."

"అయితే ఇంకజర పెంచుత."

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది గని ఆగలే. సిద్ధు సౌండ్ తగ్గించిండు. బయట వాన తగ్గింది. వాని గుండెల మోతే తగ్గలే.

ఆమె వచ్చింది టీకా ముచ్చట మైకుల చెప్పించెతందుకు. సర్కారు పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు కొత్తగా ఇస్తున్న సూది. ఒక్కటే సూది, ఖర్చు లేదు. పెద్దయినంక గర్భాశయ ముఖద్వారానికొచ్చే క్యాన్సర్‌ను చాలామటుకు రాకుండ ఆపుతది. శనివారం పిల్లలను చొప్పదండి దవాఖానకు తోలుకరావాలె. రాసిచ్చింది చదువుతుంటే సిద్ధుకు నోరు తిరగలే. ముఖద్వారమంటే ఏదో గుడి మొదటి వాకిలి లెక్కున్నదన్నడు. నీకు నోరు తిరిగేదాక పోనన్నది ఆమె. తిరిగినా, ఆమె పోవద్దని ఇంకో నాలుగుసార్లు తప్పు చదివిండు.

ఆమె పోయినంక తెలివి ఎక్కువైంది. మన జనానికి సమజయ్యేటట్టు చెప్తే పిల్ల ఖుషీ అయితదనుకున్నడు. మాట మార్చి రికార్డింగ్ చేసిండు: "పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు గర్భసంచి సూది. తప్పక ఏపించుకోవాలె."

మా దిక్కు గర్భసంచి అంటే యాదికొచ్చేది ఒక్కటే. నడుము నొచ్చినా, తెల్లబట్టయినా ఆడోళ్లు పట్నం పోయి తీయించుకొని వచ్చేది. తల్లులకు కత్తితోని తీసినదాన్ని బిడ్డలకు సూదితోని తీస్తున్నరని జనం అర్థం చేసుకున్నరు.

శనివారం ఊరి నుంచి ఒక్క పిల్ల రాలే. రేవతి దవాఖాన వాకిట్ల నిలబడి వచ్చే ఆటోనల్లా చూసింది. అన్నీ అంగడికే పోయినయి.

"నోరు తిరగకుంటే నన్నడగాలె. నీ తెలివి కలుపుడెందుకు?" అన్నది సిద్ధుతోని. వాడు చెవులు పట్టుకున్నడు. నాకు సారీ వద్దు, మాట తప్పు నాదని మైకుల చెప్పు అన్నది. రేప్పొద్దుగాల్నే చెప్తనన్నడు.

తెల్లారి కొత్త రికార్డింగైతే చేసిండు, సరైన పేరుతోని. మొదలు చెప్పింది తప్పని మాత్రం అనలే. తప్పంటే రేపు పెండ్లిళ్లకు ఎవలు పిలుస్తరని వాని భయం. జనం ఇంకింత బెదిరిండ్రు. చూసిండ్రా, దొరికిపోయినంక పేరు మార్చిండ్రు అన్నరు.

అయినా రేవతి ఇల్లిల్లు తిరిగింది. సిద్ధు బండి మీద తిప్పిండు. వానొస్తే ఇద్దరు ఒక్క ప్లాస్టిక్ కవరు కింద. మంగళవారం కొండగట్టు హనుమంతుని గుడికి పోయి కొబ్బరికాయ కొట్టిండ్రు. అంజన్న బ్రహ్మచారి, ఆయన్ని పెండ్లి కోరిక అడిగితే ఎట్ల అని ఆమె నవ్వింది. అయితే మా అవ్వనే అడుగుత అన్నడు. తల్లి దుర్గవ్వ సగం ఒప్పుకున్నది కూడ. సర్కారు నౌకరీ పిల్ల, మాట మంచిది.

గంతల్నే మహిళా సంఘం మీటింగ్‌ల ఆడోళ్లు నిలదీసిండ్రు. అంత మంచి సూదైతే నువ్వెందుకు ఏసుకోలే అని. ఏసుకున్న, నర్సింగ్ చదివేటప్పుడే, అన్నది రేవతి. అందరి భయం తీరుతదనుకొని చెప్పింది. పొద్దు గూకకముందే ఆ మాట దుర్గవ్వ వాకిట్లకొచ్చింది.

ఆదివారం రేవతిని ఇంటికి పిలిచిండ్రు. సిద్ధు అక్క రమ వచ్చింది. ఆమె బిడ్డ అమూల్య కూడ ఉన్నది, సూది ఈడు పిల్ల. దుర్గవ్వ చక్కెర ఎక్కువేసి చాయ్ ఇచ్చింది, మాట కూడ అంతే తియ్యగ మొదలువెట్టింది. లోకం నోరు మంచిది కాదన్నది. కరీంనగర్ల ఒక్క స్కానింగ్ తీపిచ్చుకో, అంత మంచిగున్నదని డాక్టరమ్మ ఒక్క మాటంటే సాలు, శ్రావణంల లగ్గం పెట్టుకుందామన్నది.

రేవతి సిద్ధు దిక్కు చూసింది. వాడు గోడ దిక్కు చూసిండు.

"నువ్వేమంటవ్?"

"నాకు నమ్మకమే రేవతి. గని అవ్వ పరేషాన్ అయితుంది. ఒక్క స్కానింగే గద."

"మాట తప్పు నీదని అవ్వకన్నా చెప్పినవా?"

"పెండ్లయినంక చెప్త. ఇప్పుడెందుకు లొల్లి?"

రేవతి లేచి అమూల్య జడ సవరించింది. వచ్చే శనివారం పిల్లను నాతోని తోలిస్తవా అక్కా అని రమను అడిగింది. రమ పిల్లను దగ్గరికి గుంజుకున్నది. మా పిల్లకేం రోగం లేదు, మాకొద్దు అన్నది. సిద్ధు నోరు మెదపలే. ఊరంత వినేటట్టు మాట్లాడే గొంతు అది.

దుర్గవ్వ పోరు పెంచొద్దని నడుమ జొచ్చింది. "గా ముచ్చట ఇడిసిపెట్టు బిడ్డా. నీకు పిల్లలు పుడతరని తేలితే మాకదే సాలు."

రేవతి సంచి భుజానికేసుకున్నది.

"పుడతరత్తమ్మా. గని పుట్టింది ఆడపిల్లయితే దానికి గీ సూది మీరు ఏపియ్యనియ్యరు, మీ కొడుకు నోరు తెరువడు. మరి గా బిడ్డను నేను మీ ఇంట్ల ఎందుకు కనాలె?"