అంబదాస్‌భాయ్ కుడి భుజం

"మాస్క్ జర కిందికి గుంజుండ్రి మేడం," అన్నాడు అంబదాస్.

అంతే, ఫిజియోథెరపిస్ట్ నీరజకు ఒళ్ళు మండింది. కరోనా రెండో ఏడు. సూరత్‌లో తెలుగువాళ్ళుండే పర్వత్ పాటియాలో పక్కింటివాడు తుమ్మితే కిటికీలు మూసుకుంటున్న రోజులు. భుజం నొప్పి అని వచ్చినవాడు మాస్క్ తియ్యమంటాడా?

"నా ముఖంతోని మీ భుజానికేం పని?"

"అది కాదు మేడం, మీ మూతి కనవడకపోతే నాకు..."

"బస్! రేపటి నుంచి వీడియో కాల్‌లనే ఎక్సర్‌సైజ్. పొండి, అంబదాస్‌భాయ్."

పాపం, చెప్పనివ్వలేదు. పైగా భాయ్ ఒకటి! సూరత్‌లో కూరగాయలమ్మేవాడి నుంచి సేఠ్ దాకా అందరూ భాయే, కాదనం. అయినా అంత చక్కని కళ్ళున్న పిల్ల అలా పిలిస్తే అంబదాస్ ప్రాణం ఉసూరుమంది.

అతను ఊరి చివర వడోద్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి చెవి దాకా లేవడం లేదు. పోగు తెగితే అతకాల్సింది ఆ చెయ్యే.

మర్నాడు ఫోన్‌లో పాఠం మొదలైంది.

"టేబుల్ పట్టుకొని వంగుండ్రి. చెయ్యి గంట లెక్క ఊగాలె. ధీమే ధీమే, మెల్లగ!"

"చూసినోళ్ళు నాకు పూనకమొచ్చిందంటున్నరు మేడం."

"అననీయుండ్రి. ఇప్పుడు గోడ మీద వేళ్ళు బల్లి లెక్క పైకి పాకాలె."

"మా ఇంట్ల నిజం బల్లే ఉన్నది. రోజూ నాతోని రేస్ పెట్టుకుంటది. నిన్న అదే గెలిచింది."

నీరజ పకపకా నవ్వింది. ఇంట్లో ఉంది కాబట్టి మాస్క్ లేదు. ఆ ముఖాన్ని అంబదాస్ మొదటిసారి చూడటం అప్పుడే. ఇక బల్లి రోజూ గెలిచినా బాధ లేదనిపించింది.

వానలు పడ్డాయి. అతని వేళ్ళు గోడ మీద రోజురోజుకూ పైకెక్కాయి. ఒక సాయంత్రం కాల్ మధ్యలో నీరజ బాపమ్మ ఎల్లవ్వ చాయ్ గ్లాసుతో వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. ఏదో అడగబోతుంటే నీరజ గబుక్కున మ్యూట్ నొక్కింది.

"ఈ పోరడు నీకు నచ్చిండానే?" అంది ఎల్లవ్వ.

"నచ్చిండు బాపమ్మా. కానీ చెయ్యి నయమైతే అంబదాస్ ఇగ ఫోన్ చెయ్యడు. అదే నా రంది."

ఇటు ఫోన్‌లో చప్పుడు లేదు. అయినా అంబదాస్‌కు ఒక్క ముక్క పొల్లుపోలేదు. సాంచెల మోతలో మనిషి గొంతు వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు మూతి కదలిక చూసే మాట పట్టుకుంటారు. మొదటిరోజు అతను చెప్పబోయింది అదే. ఇప్పుడు చూడండి, భాయ్ కూడా ఎగిరిపోయింది!

మర్నాటి నుంచి అతని చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది.

"ఇంతకన్న లేస్తలేదు మేడం."

నీరజ బెంబేలెత్తిపోయి అతన్ని క్లినిక్‌కు పిలిపించింది. భుజం అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె చేత్తో లేపితే హాయిగా లేస్తోంది. అనుమానం వచ్చింది గానీ పైకి ఏమీ అనలేదు.

"ఆ పై అర మీది టవల్ నాకు అందుతలేదు. జర తీసిస్తరా?"

ఆమె అడిగితే కాదంటాడా? కుడి చెయ్యి చాచి టవల్ అందుకుని ఇచ్చేశాడు. ఇచ్చాక నాలుక కరుచుకున్నాడు.

"మస్తు లేస్తుంది గదా, అంబదాస్‌భాయ్!"

"తప్పే మేడం. నయమైతే మిమ్మల్ని చూసుడు బంద్ అయితదని ఆపిన. మీరంటే నాకు పాణం."

"నీ చెయ్యి నేనే ఖరాబు చేసిన్నేమోనని నాకు అన్నం సైసలేదు, తెల్సా?"

"మీకు గూడ గదే రంది అని బాపమ్మతోని అన్నరు గద..."

"నేను మ్యూట్ పెట్టిన గదా!"

"సాంచెల కాడోళ్ళకు మ్యూట్ లేదు మేడం. మూతి కనవడితే చాలు. అందుకే ఆ దినం మాస్క్ తియ్యమన్న."

మాస్క్ దాచలేని నీరజ చెవులు రెండూ ఎర్రబడ్డాయి. "బయటికి నడువు!"

వానలో తడుస్తూ ఇల్లు చేరాడు అంబదాస్. భుజం బాగైంది, బతుకే బిగుసుకుపోయింది అనుకున్నాడు. చేతులారా పోగొట్టుకున్నందుకు ఏడుపొచ్చింది.

మర్నాడు రోజూ పాఠం వేళకే ఫోన్ మోగింది. తెర మీద ఎల్లవ్వ!

"ఏం కొడుకా, మొకం గట్ల పెట్టినవ్? సాంచెలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ ముసలిదాన్నైన. సాంచెలోళ్ళ సంగతి నాకు తెల్వదా? ఇది నోరు తెరిచి నీకు చెప్పేటట్టు లేదని, ఆ దినం ఫోన్ ముంగట్నే అడిగిన."

"బాపమ్మా!" అని అరుస్తూ నీరజ ఫోన్ లాక్కుంది. ఒక్క క్షణం అతనికేసి కోపంగా చూసింది. తర్వాత మ్యూట్ నొక్కి, మెల్లగా పెదవులు కదిపింది.

"ఇంకోసారి అబద్ధమాడితే ఆ చెయ్యి నేనే విరగ్గొడ్త. ఆదివారం ఇంటికి రా, నాన్నతోని మాట్లాడు. నువ్వంటే నాకు ఇష్టం, అంబదాస్."

భాయ్ లేదు. రెండుసార్లు చూసుకున్నాడు, లేదు.

అంబదాస్ కుడి చెయ్యి చెవి దాటి, నెత్తి దాటి, నిటారుగా పైకి లేచింది. గోడ మీది బల్లి బెదిరి పక్కకు తప్పుకుంది.