మలర్ పళ్ల మీద మరక

శనివారం మధ్యాహ్నం. తమిళనాడులోని నల్లంపల్లి బడి వరండాలో ఆరో తరగతి పిల్లలు వరసగా నిలబడ్డారు. వాళ్ల ముందు స్టూలు మీద నివేదిత కూర్చుంది. ఆమె చేతిలో టార్చిలైటు ఉంది.

"నోరు బాగా తెరువు. ఆ అను."

"ఆ..."

"సరే, పో. తరవాత ఎవరు?"

నివేదిత ఏడో తరగతి చదువుతోంది. బడిలో హెల్త్ క్లబ్ పెట్టినప్పుడు అందరికంటే ముందు చేయెత్తింది ఆమే. పెద్దయ్యాక నర్సులు, డాక్టర్లు కావాలనుకునే పిల్లల కోసం ఆ క్లబ్. ధర్మపురిలో నర్సింగ్ చదువుతున్న జయప్రియ శనివారాల్లో వచ్చి వాళ్లకు నేర్పేది. నాడి ఎలా చూడాలి, గాయం ఎలా కడగాలి, జ్వరం ఎలా కొలవాలి, ఇలాంటివన్నీ. నేర్చుకున్న పనిని పిల్లలు ఆమెతో కలిసి బడిలోనూ, ఊళ్లోనూ చేసేవాళ్లు.

ఆ రోజు పళ్ల పరీక్ష. మొదలుపెట్టే ముందే జయప్రియ ఒక మాట చెప్పింది.

"మీరు చూసింది చూసినట్టు నాకు చెప్పండి. పన్ను పుచ్చిందా, చిగుళ్లు వాచాయా, మరక ఉందా, అంతే. ఎందుకట్లా అయిందో మీరు చెప్పొద్దు."

నివేదిత అందరితోపాటు తల ఊపింది. తరవాత జయప్రియ వరండా ఆ చివరకు వెళ్లి చిన్నపిల్లల బరువు చూడసాగింది.

మలర్ వంతు వచ్చింది. మలర్ సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది. ఆమె నోరు తెరవగానే నివేదిత టార్చి దగ్గరగా పెట్టింది. ముందు పళ్ల మీద పసుపుపచ్చని చారలున్నాయి. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలున్నాయి.

నివేదిత ఇంట్లోనూ, మలర్ ఇంట్లోనూ మాట్లాడేది తెలుగే. బడిలో మాత్రం అందరిలాగే వాళ్లూ తమిళం మాట్లాడతారు. తెలుగులో మెల్లగా అని ఉంటే ఆ మాట వాళ్లిద్దరి మధ్యే ఉండిపోయేది. కానీ నివేదిత తమిళంలో, వరండా అంతా వినిపించేలా అంది.

"ఏం మలర్, నువ్వు పళ్లు తోముకోవా? ఎంత మురికిగా ఉన్నాయో!"

వరసలో పిల్లలు పకపకా నవ్వారు.

"రోజూ తోముకుంటాను అక్కా," అంది మలర్.

"తోముకుంటే ఇట్లా ఉంటాయా? గట్టిగా రుద్దు. పోతాయి."

మలర్ నోరు మూసుకుంది. తల దించుకుని వెళ్లిపోయింది.

పక్కనే ఉన్న మాదేశ్ కూడా హెల్త్ క్లబ్ పిల్లవాడే. "జయప్రియ అక్కకు చెబుదామా?" అని అడిగాడు.

"ఎందుకు? ఏం చేయాలో నేనే చెప్పేశాను కదా," అంది నివేదిత. మలర్‌కు మంచి మాటే చెప్పానని ఆమె అనుకుంది.

సోమవారం మలర్ బడికి వచ్చింది కానీ రోజంతా నోటికి చేయి అడ్డం పెట్టుకునే ఉంది. ఇద్దరు పిల్లలు ఆమెను "మంజల్ పల్లు" అని పిలిచారు. అంటే తమిళంలో పసుపు పన్ను అని. మంగళవారం నుంచి మలర్ రాలేదు. జ్వరమేమో అనుకుని నివేదిత ఆ సంగతి మరిచిపోయింది.

తరవాతి శనివారం క్లబ్ పిల్లలు ఇళ్ల దగ్గరకు వెళ్లారు. నివేదిత, మాదేశ్, జయప్రియ ఊరి చివర పూల తోటల వైపు నడిచారు. చామంతి చేను గట్టున ఒక చిన్న ఇల్లు ఉంది. దాని పక్కనే బోరు. ఇంటి ముందు రెండేళ్ల పిల్లవాడు మట్టిలో ఆడుకుంటున్నాడు.

ఇంటి వెనక మలర్ కూర్చుని ఉంది. ముందు రాతి మీద ఎర్రటి ఇటుక పొడి. ఆమె వేలితో ఆ పొడి తీసుకుని పళ్లమీద గట్టిగా రుద్దుకుంటోంది. ఉమ్మితే ఎర్రగా పడింది. అది ఇటుక రంగే కాదు, రక్తం కూడా.

"అయ్యో, ఏమిది?" జయప్రియ పరుగున వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.

మలర్ అమ్మ పంచవర్ణం ఇంట్లోంచి వచ్చింది.

"చూడు బిడ్డా, వద్దంటే వినేదే లేదు. ఇటుక నూరి పొద్దున, సాయంత్రం అదే పనిగా రుద్దుతాండాది. చిగుర్లన్నీ వాచిపోయినాయి. సంగటి కూడా మింగలేకపోతాండాది."

"మలర్ బడికి పోతోందా అక్కా?" అని అడిగింది జయప్రియ.

"పళ్లు తెల్లగైతేనే పోతాదంట. గట్టిగా రుద్దితే పోతాయని బడిలో ఎవురో పెద్దపిల్ల చెప్పిందంట."

మలర్ నివేదిత వైపు చూసింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

నివేదిత చెవులు వేడెక్కాయి. మలర్ తన పేరు చెప్పదని ఆమెకు అర్థమైంది. మాదేశ్ కూడా చెప్పడు. చెప్పకుండా ఊరుకోవచ్చు.

"అత్తా," అంది చివరికి. "ఆ పెద్దపిల్ల నేనే."

పంచవర్ణం ఆమెను ఎగాదిగా చూసింది. తిడుతుందేమోనని నివేదిత భయపడింది. పంచవర్ణం తిట్టలేదు. పెదవులు తెరిచి తన పళ్లు చూపించింది. అవీ అలాగే ఉన్నాయి. మలర్ పళ్లకంటే ముదురుగా, గోధుమరంగులో.

"నన్నూ చిన్నప్పుడు అట్లే అనినారు. నేనూ బొగ్గుతో, ఇటుకతో రుద్దినాను. పోలేదు. అదే దీనికీ చెప్పినాను. రుద్దితే పోదే, వదిలెయ్యే అని. నా మాట నమ్మలేదు. నువ్వు ఆస్పత్రి పాఠాలు చదివే పిల్లవి కదా. నీ మాట నమ్మింది."

నివేదితకు ఏడుపు వచ్చింది. ఆపుకుంది. ఇప్పుడు ఏడవాల్సింది తను కాదనిపించింది.

జయప్రియ చేతులు కడుక్కుని మలర్ నోరు చూసింది. ఇటుక పొడి మళ్లీ వాడొద్దని చెప్పింది. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించమంది. సోమవారం ప్రభుత్వ ఆస్పత్రిలో పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లమని పంచవర్ణానికి చెప్పింది. తరవాత అడిగింది.

"అక్కా, మీరు తాగే నీళ్లు ఏవి?"

"ఇదో, ఈ బోరువే. నేను పుట్టిన ఊళ్లోనూ బోరు నీళ్లే. కాచే తాగుతాము."

"కాస్తే క్రిములు చచ్చిపోతాయి. కానీ నీళ్లలో ఫ్లోరైడ్ అని ఒకటి ఉంటుంది. అది ఎంత కాచినా పోదు. మన జిల్లాలో చాలా బోర్లలో అది ఎక్కువ. పిల్లల పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యేటప్పుడే మరక పడిపోతుంది. అది మురికి కాదక్కా. పైన రుద్దితే పోయేది కాదు. ఇదీ అదేనేమో డాక్టరు చూసి చెబుతారు. నేను ఈ నీళ్లు సీసాలో తీసుకుపోయి పరీక్ష చేయిస్తాను."

పంచవర్ణం మట్టిలో ఆడుతున్న పిల్లవాడి వైపు చూసింది. "మా బాలకు పాలపళ్లు తెల్లగానే ఉండాయే."

"వాడికి పెద్దపళ్లు ఇప్పుడు లోపల తయారవుతున్నాయి. అందుకే తొందరగా నీళ్లు మార్చాలి. పెద్దవీధి కొళాయికి హొగేనక్కల్ నుంచి కావేరి నీళ్లు వస్తాయి కదా? అవి మంచివి."

"వస్తాయి. పొద్దున్నే వస్తాయి. అప్పటికి నేను పూలు కోసేదానికి పోయింటాను. మలర్ నాయన టమోటా మండీకి పోయింటాడు. మలర్ వీణ్ని చూసుకోవాల. ఆడ బిందె పెట్టేదెవురు?"

ఆ కొళాయి నివేదిత ఇంటి ముందే ఉంది. "మేము పట్టిస్తాం" అని గబుక్కున అనబోయి నివేదిత ఆగింది.

"అత్తా, నేను పొద్దున బిందె పట్టి మా ఇంట్లో పెడితే మీకు కుదురుతాదా? తీసుకుపోయేదానికి వస్తారా?"

పంచవర్ణం ఆలోచించింది. "సాయంత్రం పని ముగించుకుని వస్తాను. తాగేదానికి, వంటకు ఒక బిందె చాలు."

ఇంటికి వెళ్లాక నివేదిత వాళ్లవ్వ రంగనాయకమ్మకు ఈ సంగతి చెప్పింది. అవ్వ ఒప్పుకోలేదు.

"కొళాయి కాడ మనకే రోజూ జగడం. ఇంకొక బిందె పెట్టనిస్తారా?"

"నేను ముందే లేచి నిలబడతాను అవ్వా."

"నువ్వా? సూర్యుడు నెత్తికెక్కినా లేవవు. ఎవురికి ఇన్ని నీళ్లు?"

నివేదిత అంతా చెప్పింది. వరండాలో తను అన్న మాట, పిల్లల నవ్వు, ఇటుక పొడి, రక్తం. ఏదీ దాచలేదు. అవ్వ అటక మీద నుంచి పచ్చ ప్లాస్టిక్ బిందె దింపి, చింతపండు వేసి తోమి బోర్లించింది.

పొద్దున్నే లేవడం నివేదితకు నిజంగానే కష్టమైంది. మొదటి రోజు ఆమె వెళ్లేసరికే కొళాయి ముందు బిందెల వరస సాగిపోయింది. మరునాడు అవ్వ దుప్పటి లాగేసి లేపింది. ఆ తరవాత అలవాటైంది.

నీళ్ల కోసం పంచవర్ణం మొదటిసారి వచ్చిన సాయంత్రం మలర్ కూడా వచ్చింది. అమ్మ వెనకే నిలబడింది.

"మలర్," అంది నివేదిత. "నాకు తెలీకపోయినా తెలిసినట్టు చెప్పినాను. అందరి ముందరా చెప్పినాను. అది తప్పు."

"ఊ," అంది మలర్. అంతే.

ఆస్పత్రిలో డాక్టరు జయప్రియ చెప్పిన మాటే చెప్పారు. వాపు తగ్గడానికి మందిచ్చారు. మరక తగ్గించే వైద్యం కొంచెం పెద్దయ్యాక చూద్దామన్నారు. పరీక్షకు పంపిన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువే ఉందని తెలిసింది.

మలర్ మళ్లీ బడికి వచ్చే ముందు రోజు నివేదిత ఆమెను అడిగింది.

"ఆరో తరగతిలో ఈ నీళ్ల సంగతి చెప్పమని జయప్రియ అక్క అనింది. చెప్పేదా? నీకు ఇష్టం లేకపోతే వద్దు."

"చెప్పు. నా పేరు చెప్పొద్దు," అంది మలర్.

నివేదిత మలర్ పేరు చెప్పలేదు. బోరు నీళ్ల గురించి చెప్పింది. కాచినా పోని ఫ్లోరైడ్ గురించి చెప్పింది. "పళ్ల పరీక్ష రోజు నేను వరండాలో చెప్పింది తప్పు. ఆ మరక మురికి కాదు," అని తమిళంలో గట్టిగా అంది. మలర్‌ను ఏడిపించిన ఇద్దరిలో ఒకడు నాలుకతో తన పళ్లు తడుముకున్నాడు. తరవాత వరండాలోకి వచ్చి, "అక్కా, నావి కూడా చూస్తావా?" అని గుసగుసగా అడిగాడు. వాడి వెనక పళ్లమీదా చారలున్నాయి.

ఒక సాయంత్రం బాల కూడా నీళ్ల కోసం వచ్చాడు. బిందె తనే ఎత్తుతానని పట్టుబట్టాడు. రెండు చేతులతో లాగేసరికి నీళ్లు తలమీద ఒలికి, తడి నేలమీద చతికిలబడ్డాడు. ఏడవాలా వద్దా అన్నట్టు అందరి మొహాలూ చూశాడు. మలర్ నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చేయి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, కడుపు పట్టుకుని నవ్వింది. నివేదితకూ నవ్వాగలేదు. అవ్వ మాత్రం, "నీళ్లన్నీ పారబోసినాడే!" అని సణుగుతూ తన బిందెలోవి పచ్చ బిందెలోకి వంపింది.

మరో శనివారం క్లబ్ పిల్లలు కాళియన్ తాత ఇంటికి వెళ్లారు. తాతకు బీపీ ఉంది. ఒక్కడే అరుగుమీద కూర్చుని ఉన్నాడు. కిటికీలో మాత్రల అట్ట ఎక్కడా చిరగకుండా ఉంది. జయప్రియ ఇంకా పక్కింట్లోనే ఉంది.

"ఏం తాతా, మాత్రలన్నీ అట్లే ఉండాయి!" అన్నాడు మాదేశ్. "వేసుకోకపోతే ఏమవుతాదో తెలుసా?"

తాత మొహం అటు తిప్పుకున్నాడు.

వేసుకోకపోతే ఏమవుతుందో నివేదితకు తెలుసు. ఆ పాఠం ఆమెకు నోటికి వచ్చు. కానీ ఆమె అది చెప్పలేదు. మాదేశ్ చేయి మెల్లగా తట్టి, అరుగుమీద తాత పక్కన కూర్చుంది.

"తాతా, మాత్ర వేసుకునేదానికి ఏమన్నా కష్టంగా ఉండాదా?"

నివేదిత మళ్లీ అడగలేదు. వీధిలో ఒక బస్సు పోయింది. దుమ్ము అణిగాక తాత తన రెండు చేతులూ ఆమె ముందు చాపాడు. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. వేళ్లు కొంచెమే వంగాయి.

"అట్ట నొక్కేదానికి రాదు బిడ్డా. కోడలు తెల్లారేసరికి పనికి పోతాది. ఎవుర్ని అడిగేది?"

నివేదిత లేచి పక్కింటి గుమ్మం దగ్గరకు వెళ్లింది.

"అక్కా, కాళియన్ తాత వేళ్లు వాచినాయి. సరిగ్గా వంగడం లేదు. మాత్ర అట్టలోంచి తీసుకోలేకపోతాండాడు," అంది. "ఎందుకు వాచినాయో నాకు తెలీదు. మీరు వచ్చి చూస్తారా?"