ఎవరు చెయ్యి చాపినా ఆగాలి

ఠాప్!

వెనక అద్దం పగిలింది. గాజు ముక్కలు కైసర్ మెడ మీద రాలాయి.

"వంగు చెల్లె!"

ఉమ వంగలేదు. ముందుకే చూస్తోంది.

ముందు... క్రేన్ హుక్కుకు ఒక తెల్లకారు వేలాడుతోంది. నీళ్లు ధారగా కారుతున్నాయి. లోపల స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నది ఆమె మొగుడు జైసింగ్. ఎనిమిది రోజులుగా బావి అడుగున అలాగే ఉన్నాడు.

కైసర్ యాక్సిలరేటర్ తొక్కి పట్టాడు. ఎంత తొక్కితే ఏం లాభం? అది హైడ్రా క్రేన్. ఖాళీగా ఉన్నప్పుడే ముప్పై దాటదు. ఇప్పుడు ముక్కుకు కారు కట్టుకుని పరుగెత్తమంటే... ముల్లు ఇరవై దగ్గర మొరాయించింది.

వెనక బొలేరో. అందులో ఇద్దరు. ఒకడి చేతిలో తపంచా!

"యా అల్లా! జర ఉరుకే తల్లీ!" కైసర్ బండినే బతిమాలాడు.

అది 2011. సకల జనుల సమ్మె. బొగ్గు ఆగింది. బస్సు ఆగింది. బడి ఆగింది. క్రేన్లు కూడా ఆగాయి. జనగామ, మానుకోట, భూపాలపల్లి క్రేన్ ఓనర్ల సంఘం ఒక్క మాట మీద నిలబడింది. తెలంగాణ వచ్చేదాకా హుక్కు లేవదు! ఎక్కడైనా మనిషి ఇరుక్కుంటే తప్ప. అప్పుడు కూడా ప్రెసిడెంట్ పురుషోత్తంకు ఫోన్ చేసి, చెప్పి మరీ బండి తియ్యాలి.

ఆ తీర్మానం రాసింది సెక్రటరీ జైసింగ్. నెల్లికుదురు దగ్గరి తండావాడు. రాసిన నాలుగో రోజుకే మాయమయ్యాడు.

"జైసింగ్ కాంట్రాక్టర్‌కు అమ్ముడువోయిండు!" అని పురుషోత్తం మైకు పట్టుకుని చెప్పాడు. మర్నాడు తెల్లారేసరికి ఉమ ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ఒక్కటే మాట.

ద్రోహి!

ఆ రోజుల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఇవాళ మధ్యాహ్నం రేగొండ అవతల ఒక రైతు మోటారు ఫుట్‌వాల్వ్ బాగుచేద్దామని బావిలో దిగాడు. కాళ్లకు కారు టాపు తగిలింది. మొగుణ్ని వెతుకుతూ భూపాలపల్లిలోనే తిరుగుతున్న ఉమకు ఆ కబురు అందింది. నేరుగా కైసర్ బండెక్కింది. వద్దంటున్నా తాడు పట్టుకుని బావిలో దిగి, కారుకు బెల్టు తన చేత్తోనే కట్టింది.

కారు పైకొచ్చింది. డ్రైవర్ డోర్‌కు బొక్క. తూటా బొక్క!

పోలీసులకు ఫోన్ చేస్తే, అందరూ బందోబస్తులో ఉన్నారు, గంట పడుతుందన్నారు. పది నిమిషాల్లో బొలేరో మాత్రం వచ్చింది.

"కారు మళ్ల బాయిల పడెయ్!"

కైసర్ పడెయ్యలేదు. బండి తిప్పాడు!

నాలుగు కిలోమీటర్లు. అక్కడ చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వేలమంది కూర్చున్నారు. సంఘం క్రేన్లన్నీ తమ పొడవాటి ఇనుప చేతులు, బూములు, దించుకుని అక్కడే ఉన్నాయి. ఈ కారు ఆ జనం మధ్యకు చేరితే చాలు. ఇక జైసింగ్‌ను ఎవడూ ద్రోహి అనలేడు.

బొలేరో కుడివైపు నుంచి దూరింది.

కైసర్ స్టీరింగ్ కోశాడు. బూమ్ తిరిగింది. కారు ఊగుతూ వచ్చి బొలేరో ముందు... కీచ్!

బొలేరో వెనక్కి తగ్గింది.

"రా బిడ్డా, రా! ఎట్ల దాటుతవో నేనూ చూస్త!"

ఉమ ఫోన్ కలిపి కైసర్ చెవి దగ్గర పెట్టింది.

"ప్రెసిడెంట్ సాబ్! ఎంటవడ్డరు! తపంచా ఉన్నది!"

"పరేషాన్ గాకు కైసర్. వాగు దారిన రా. నేనొస్తున్న."

పొద్దు కుంకింది. వాగు వంతెన వచ్చింది. అవతల రెండు ఫర్లాంగుల్లో చౌరస్తా. డప్పుల మోత. జై తెలంగాణ నినాదాలు. వచ్చేశాం... వచ్చేశాం!

వంతెన మధ్యలో ఒక మనిషి. రెండు చేతులూ పక్కలకు చాపి నిలబడ్డాడు.

ఆపు!

సంఘంలో చేరిన రోజే నేర్పే మొదటి రూల్ అది. ఆపు సిగ్నల్ ఎవరిచ్చినా ఆగాలి. ఓనరైనా, కూలైనా, దారిన పోయేవాడైనా. ఎత్తమని, దించమని చెప్పేది మాత్రం ఒక్కరే. బెల్టు కట్టినవాళ్లే.

కైసర్ కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది.

"సాబ్! బతికించినవ్!"

పురుషోత్తం అతని వైపు చూడనైనా లేదు. వెనక ఆగిన బొలేరో వైపు చూసి, "లైట్లు బంద్ చెయ్యుండ్రిరా" అన్నాడు.

బొలేరో లైట్లు ఆరిపోయాయి!

కైసర్‌కు అప్పుడు వెలిగింది. బావి దగ్గరికి పోతున్నట్టు తాను చెప్పింది ఒక్కరికే. రూల్ ప్రకారం... ప్రెసిడెంట్‌కే!

"నువ్వా సాబ్?"

"రాత్రిపూట నా రెండు బండ్లు కాంట్రాక్టర్ సైటుకు పోతున్నయ్, సూసీ సూడనట్టు ఉండుమని జైసింగ్‌కు చెప్పిన. ఇన్లే." పురుషోత్తం నడుములోంచి తపంచా తీశాడు. "నువ్వన్న ఇను. వాగుల దించు!"

చెయ్యి కిందికి చూపించాడు.

కైసర్‌కు ఒళ్లు మండింది. "ఆపుమన్నవ్, ఆపిన. దించుమననీకి నువ్వెవలు? బెల్టు నువ్వు కట్టినవా?"

ఉమ అప్పటికే కిందికి దూకింది. హెడ్‌లైట్ల వెలుగులో బండికి ఎదురుగా నిలబడింది. కుడిచెయ్యి లేపింది. చూపుడువేలు గిర్రున తిప్పింది.

ఎత్తు!

ఢాం!

కైసర్ ఎడమ భుజం భగ్గుమంది. కుడిచెయ్యి లివర్ వదల్లేదు. బూమ్ సాగింది... తుమ్మచెట్లు దాటింది... తెల్లకారు ఆకాశంలోకి లేచింది!

చౌరస్తాలో డప్పులు టక్కున ఆగాయి.

సమ్మెలో హుక్కు లేచింది!

"ఎవడ్రా వాడు!"

నలభై మంది ఆపరేటర్లు పరుగెత్తుకొచ్చారు. చేతుల్లో స్పానర్లు, గరిటెలు, పొయ్యిలోంచి లాగిన కట్టెలు. బొలేరో వెనక్కి తిరగబోయి పొలంలో దిగబడింది. పురుషోత్తం తపంచా నడుములో దోపుకుని గొంతు చించుకున్నాడు.

"సమ్మె ఇరగ్గొట్టిండు! ద్రోహి! కొట్టుండ్రి!"

మానుకోట పెద్ద ఆపరేటర్ అమీర్ అలీ క్యాబిన్ ఎక్కి కైసర్ కాలర్ పట్టాడు.

ఉమ రెండు చేతులూ చాపింది.

ఆపు!

అందరూ ఆగిపోయారు. లేచిన స్పానర్ లేచినట్టే ఉండిపోయింది. ఆమె సంఘంలో మెంబర్ కూడా కాదు. అయినా ఆగారు.

ఆమె అరచెయ్యి కిందికి తిప్పింది. మెల్లగా... మెల్లగా... కారు కళ్ల ఎత్తుకు దిగింది. అమీర్ అలీ దిగి డోర్ బొక్క చూశాడు. లోపలికి చూశాడు.

"ఇన్నా లిల్లాహి..." అని చనిపోయినవాళ్ల కోసం అనే మాట నోట్లోనే గొణిగాడు.

"గీయనేనా అమ్ముడువోయింది?" ఉమ అందరి వైపూ తిరిగింది. "నా ఇంటి గోడ మీద రాసిండ్రు గదా! అప్పటిసంది నా పిల్లలు గది సదువుకుంటనే బయటికి పోయిండ్రు. కైసరన్న భుజం చూడు చాచా. కాల్చిన తపంచా మీ ప్రెసిడెంట్ నడుంల ఉన్నది. ఇంకా వేడిగనే ఉంటది. చెయ్యి పెట్టి చూడు!"

అమీర్ అలీ పురుషోత్తం వైపు నడిచాడు. వెనక నలభై మంది.

పురుషోత్తం ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. వీపుకు వంతెన గోడ తగిలింది. తపంచా లాగాడు. ఉమకు గురిపెట్టి నొక్కాడు.

టిక్!

నాటు తపంచా. పట్టేది ఒకటే తూటా. అది కైసర్ భుజంలో ఉంది.

తపంచా చేతిలోంచి జారింది. పురుషోత్తం రెండు చేతులూ పక్కలకు చాపాడు.

"ఆగుండ్రి! నేను మీ ప్రెసిడెంట్‌ను! ఆపు! ఆపు!"

ఎవరు చెయ్యి చాపినా ఆగాలి. సంఘం మొదటి రూల్.

ఆ సాయంత్రం ఒక్కడూ ఆగలేదు.